పడుకున్నవాళ్లకు కనిపించే బొమ్మ: హైదరాబాద్ ప్రసూతి వార్డుల్లో కళకు చోటెక్కడ?

వార్డు నుంచి ఆపరేషన్ థియేటర్‌కు స్ట్రెచర్ మీద తీసుకెళ్తున్న గర్భిణికి ఏం కనిపిస్తుంది? ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతున్న ట్యూబులైట్లు, వానాకాలం చెమ్మ దిగి మరకలు కట్టిన స్లాబు, వేగంగా నడిచే వార్డుబాయ్ గడ్డం, లిఫ్టు తలుపు పైన మారే అంకెలు. నడిచి వచ్చేవాళ్ల కంటి ఎత్తులో గోడల మీద ఎంత చక్కని బొమ్మలు వేసినా అవి ఆమె చూపుకు అందవు. ఆస్పత్రుల్లో కళ గురించి మాట్లాడేటప్పుడు ముందు పట్టించుకోవాల్సింది ఇదే. బొమ్మ వేయించేవాళ్లు నిలబడి చూస్తారు. దాని అవసరం ఉన్న మనిషి పడుకుని ఉంటుంది.

ఈ నగరానికీ కాన్పు కష్టానికీ పాత సంబంధం ఉంది. ఏడో నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే పరిచారిక 1949లో ప్రసవంలో కన్నుమూసింది. ఆ దుఃఖంలోంచి పుట్టిన పట్టుదలే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రిగా నిలబడింది. ఇప్పటికీ కాన్పుల భారం మోసేది పేట్లబురుజు, కోఠి సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రులు, గాంధీ, నీలోఫర్‌లే. జిల్లాల్లో చేయి దాటిన కేసులు రాత్రికి రాత్రి అంబులెన్సుల్లో వచ్చి చేరేదీ ఇక్కడికే.

లెక్కల్లో చూస్తే తెలంగాణ చాలా దూరం నడిచింది. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2014-16లో 81 ఉండగా, 2018-20 నాటికి 43కు తగ్గాయి. 2019-21 లెక్కలో అది 45. అదే కాలానికి దేశ సగటు 93. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అంటే ఆడవాళ్లు ఆస్పత్రికి రావడం లేదన్న పాత ఫిర్యాదుకు కాలం చెల్లింది. ఇక తేల్చుకోవాల్సింది, వచ్చాక వాళ్లకు ఏం జరుగుతోందన్నది.

ప్రాణం తీసేవి, ప్రాణం తోడేసేవి

మొదటిది రక్తహీనత. అదే సర్వేలో రాష్ట్రంలోని గర్భిణుల్లో 53.2 శాతం మందికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంది. 7 కంటే తగ్గితే తీవ్రమైనదిగా లెక్క. ఐరన్ మాత్ర ప్రతి పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానాలో ఉచితంగా దొరుకుతుంది. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. చిక్కు వేసుకోవడంలో వస్తుంది. వికారం, మలబద్ధకం, విరేచనం నల్లగా రావడం చూసి భయపడి మానేసేవాళ్లు కొందరు. బిడ్డ నల్లగా పుడుతుందేమోనని అత్తగారో అమ్మో మాన్పించడం ఇంకొందరి అనుభవం. వేసుకునేవాళ్లలోనూ చాలామంది ఐరన్‌నూ కాల్షియంనూ కలిపి మింగుతారు, లేదా టీతో మింగుతారు. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. టీలోని టానిన్లూ అంతే. రోజుకు నాలుగు కప్పుల చాయ్ తాగే ఊళ్లో ఈ చిన్న మాట ఎవరూ చెప్పకపోతే ఆర్నెల్ల మాత్రలు వృథా. ఐరన్‌కూ వీటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌తో నిమ్మరసం మంచిది.

రక్తం తక్కువున్న ఒంటికి కాన్పు తర్వాతి రక్తస్రావం రెట్టింపు ప్రమాదం. సహజ కాన్పులో 500 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావమని వైద్యపాఠం. కానీ గుడ్డలు తడిసిన తీరు చూసి కంటితో వేసే అంచనా తరచూ తప్పుతుంది, అదీ తక్కువ వైపుకే తప్పుతుంది. కొలగీతలున్న ప్లాస్టిక్ సంచిని తల్లి నడుము కిందికి పరిస్తే ఎంత పోయిందో గీత చూసి చెప్పొచ్చు. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో జరిగి 2023లో వెలువడిన ఈ-మోటివ్ పరిశోధన చేసింది ఇదే. సంచితో ముందే పసిగట్టి, గర్భసంచిని మర్దనా చేయడం, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష, అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. బిడ్డ పుట్టిన నిమిషంలోపే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ కండకు ఇవ్వాలన్నది తెలిసిన నియమమే. తెలియకుండా చెడేది మందు. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో నలభై దాటే ఎండకు ట్రేలో బయటపెట్టిన ఆంప్యూల్ రంగూ మారదు, వాసనా రాదు. బలం మాత్రం పోతుంది.

ఇక బీపీ. 140/90కి చేరితే జాగ్రత్త, 160/110కి చేరితే అత్యవసరం. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చి ఫిట్స్‌కు దారితీసేదాన్ని ఊళ్లలో గుర్రపు వాతం అంటారు. దానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. ప్రతి మోతాదుకు ముందూ మోకాలి స్పందన, నిమిషానికి 16కు తగ్గని ఊపిరి, గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గని మూత్రం చూసుకోవాలి. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ మంచం పక్కనే ఉండాలి. ఆ గదిలో పాటా వద్దు, తళతళలాడే బొమ్మా వద్దు. వెలుతురు తగ్గించి, సద్దుమణిగేలా చూడటమే ఆ తల్లికి చేయగల మేలు.

సిజేరియన్ల సంగతి తెలంగాణకు ప్రత్యేకమైన బాధ. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 21.5 శాతం కాన్పులు కోతతో జరిగితే ఇక్కడ 60.7 శాతం. ప్రైవేటులో 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. ఒకసారి కోసిన గర్భసంచిలో తర్వాతి కాన్పుకు మాయ పాత కుట్టు దగ్గరే పాతుకుపోయే ప్రమాదం, కోతల సంఖ్య పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఇది శస్త్రచికిత్స గదిలో కనిపించే నష్టం. వార్డులో కనిపించేది వేరే. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లి, ఏడుస్తున్న బిడ్డను చేయి చాచి అందుకోలేక, ‘పాలు పడలేదు’ అన్న మాట నలుగురి నోటా వింటూ మూడు రోజులు గడుపుతుంది.

ఆ మూడు రోజుల గురించి మన లెక్కల్లో ఎక్కడా ఉండదు. కాన్పయిన మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది కుంగుబాటు. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో బాలింతల్లో సుమారు 22 శాతం మందికి ఆ లక్షణాలు కనిపించాయి. అంటే ఇరవై మంచాల వార్డులో నలుగురు. గుర్తించడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరా ప్రశ్నావళి చాలు. పది ప్రశ్నలు, ముప్పై మార్కులు, పదమూడు లేదా అంతకంటే ఎక్కువ వస్తే వైద్యుడు చూడాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి ‘అప్పుడప్పుడూ’ అన్నా ఆ రోజే మానసిక వైద్యుణ్ని పిలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరు ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో కూడా. డిశ్చార్జి కాగితం మీద ఆ ఐదు అంకెలు పెద్దగా అచ్చువేయడానికి ఏ అనుమతులూ అక్కర్లేదు.

భయం ఒంట్లో ఏం చేస్తుంది

కళ మేలు చేస్తుందనే మాట చాలాచోట్ల పొగడ్తగా మిగిలిపోతుంది. అది ఒంటిలో పనిచేసే దారి తెలిస్తే ఎక్కడ ఏం పెట్టాలో కూడా తెలుస్తుంది. పురిటి నొప్పులను నడిపేది ఆక్సిటోసిన్. భయపడినప్పుడు ఊరే అడ్రినలిన్ దానికి అడ్డుపడుతుంది. నొప్పులు మందగిస్తాయి, నొప్పి మాత్రం ఎక్కువ అనిపిస్తుంది. పాలు చేపుకు రావడానికీ అదే ఆక్సిటోసిన్ కావాలి. కొత్తమనిషి ఎదుట, అరుపుల మధ్య, తెర లేని మంచం మీద పాలు చేపవు. పాలు లేకపోవడం వేరు, దిగకపోవడం వేరు. రెండో దానికి మందుకంటే ముందు ప్రశాంతత కావాలి.

భయానికి ఇంకో ఫలితం ఉంది. తిట్లు తిన్న మనిషి ఆరు వారాల చెకప్‌కు రాదు. రెండో కాన్పుకు ఆలస్యంగా వస్తుంది. తల్లుల మరణాలకు దారితీసే మూడు ఆలస్యాల గురించి 1994 నుంచీ చెబుతున్నారు. వెళ్లాలని నిర్ణయించుకోవడంలో, చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. రోడ్లు, 102 వాహనాలు రెండో దాన్ని తగ్గించాయి. మొదటిది మాత్రం పోయినసారి ఆస్పత్రిలో తనతో ఎలా మాట్లాడారన్న జ్ఞాపకం మీదే చాలావరకు ఆధారపడుతుంది.

అందుకే వరుస ముఖ్యం. తాగునీరు, తలుపు గడియపడే మరుగుదొడ్డి, మంచానికీ మంచానికీ మధ్య తెర, నొప్పుల సమయంలో పక్కన తనకు నచ్చిన ఒక ఆడతోడు. ఇవి లేనిచోట మ్యూరల్ (గోడంతా పరిచే పెద్ద బొమ్మ) వేయడం తల్లికి న్యాయం కాదు. 2017 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన లక్ష్య కార్యక్రమం కూడా లేబర్ రూంలో తెరలు, తోడు, గౌరవంగా మాట్లాడటం గురించే పట్టుబడుతుంది. తెలంగాణ మిడ్‌వైఫరీ (కాన్పు చేయించే) శిక్షణ నర్సులకు నేర్పేదీ నొప్పులప్పుడు పక్కనే ఉండి, నడిపించి, ధైర్యం చెప్పడాన్నే. ఇవన్నీ ఉన్నాక బొమ్మ చేసే పని నిజంగా మొదలవుతుంది.

ఆధారాల విషయానికొస్తే, అందరూ చెప్పేది రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన పరిశీలన. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది సగటున 7.96 రోజుల్లో ఇంటికి వెళ్లారు. ఇటుక గోడ కనిపించిన 23 మందికి 8.70 రోజులు పట్టింది. చెట్లు చూసినవాళ్లు బలమైన నొప్పి మందులు కూడా తక్కువ అడిగారు. చిన్న పరిశీలనే, కానీ ఆస్పత్రుల నిర్మాణం మీద దాని ప్రభావం పెద్దది. బాలింతల విషయంలో ఇంతకంటే సూటిగా పనికొచ్చేది డైసీ ఫాన్‌కోర్ట్ బృందం లండన్‌లో చేసి 2018లో ప్రచురించిన పరిశోధన. కుంగుబాటు లక్షణాలున్న 134 మంది తల్లులను మూడు భాగాలు చేశారు. ఒక భాగం పది వారాలు పిల్లలతో కలిసి గుంపుగా పాటలు పాడారు, ఒక భాగం ఆటలాడారు, మూడో భాగానికి మామూలు వైద్యమే. లక్షణాలు కాస్త ఎక్కువగా ఉన్నవాళ్లలో పాడిన బృందం మిగతావాళ్లకంటే త్వరగా తేరుకుంది. అంటే పాట మందుకు బదులు రాలేదు. కోలుకోవడాన్ని ముందుకు జరిపింది, పసిబిడ్డ ఉన్న ఇంట్లో నెల ముందు కోలుకోవడం చిన్న విషయం కాదు.

గది గదికీ వేరే బొమ్మ

ఓపీలో గర్భిణి గంటల తరబడి కూర్చుంటుంది. అక్కడ గోడ మీద ఉండాల్సింది కథ. తెలంగాణకు దానికి సరిపోయే రూపం చేతిలోనే ఉంది. చేర్యాల పటం పుట్టిందే చదువురానివాళ్లకు వరుసగా కథ చెప్పడానికి. పూల అంచుతో విడదీసిన గడులు, ఒక్కో గడిలో ఒక్కో సంఘటన, చుట్ట విప్పుతూ చెప్పేవాళ్లు. ఐరన్ మాత్ర పొద్దున నిమ్మరసంతో, కాల్షియం రాత్రి అన్నం తర్వాత, చాయ్ గ్లాసు ఎడంగా. కాళ్ల వాపు, కళ్ల ముందు మెరుపులు, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వెంటనే బండెక్కాల్సిన గుర్తులు. ఇవన్నీ పటంలా గీయించవచ్చు. అయితే రెండు మార్పులు తప్పవు. చేర్యాల నేపథ్యం సంప్రదాయంగా ఎరుపు. రక్తం చూసి బెదిరే చోట గోడంతా ఎరుపు నింపడం మంచిది కాదు, లేత ఆకుపచ్చకో లేత మట్టిరంగుకో మార్చమని ఈ పటాలు వేసే నకాషీ కళాకారులను అడగాలి. రెండోది, చింతగింజల అంబలి, సుద్ద పూసిన గుడ్డ మీద వేసే అసలు పటం తడిగుడ్డకు నిలవదు. అసలును పాలనా భవనంలో భద్రపరిచి, దాని ఫొటోను తుడవగల పలక మీద అచ్చువేసి ఓపీలో పెట్టాలి. కళాకారుడికి అసలుకూ అచ్చు హక్కుకూ విడివిడిగా డబ్బు చెల్లించాలి.

దారి చూపే గీతలు కూడా కళ కిందే లెక్క. ఓపీ నుంచి రక్తపరీక్షకు ఒక రంగు, స్కానింగ్‌కు ఒక రంగు, మందుల కౌంటరుకు ఇంకో రంగు. అక్షరంతోపాటు బొమ్మ కూడా కావాలి, ఎందుకంటే పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లలో కొందరికి ఉర్దూ వస్తుంది, తెలుగు రాదు. వలస కూలీలకు ఆ రెండూ రావు. రక్తపుబొట్టు గుర్తు, మాత్ర గుర్తు ఎవరికైనా తెలుస్తాయి. అయితే ఈ గీతలు గోడ మీద నడుము ఎత్తున వేయాలి. నేల మీద వేస్తే రద్దీలో కనిపించవు, ఫినాయిల్‌తో తుడిచి తుడిచి త్వరలోనే చెరిగిపోతాయి.

లేబర్ రూంలో బొమ్మ దాదాపు అక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే అక్కడ అలంకారం ప్రమాదం. నేలకు ముదురు రంగు, డిజైన్ టైల్స్ వేస్తే కారిన రక్తం ఎంతో తెలియదు. లేత రంగు సాదా నేల ఉండాలి. గోడలకు పసుపు పూస్తే దాని మీంచి పడే వెలుగులో పసికందు కామెర్లు కనిపించకుండా పోతాయి, ఉన్నా లేకున్నా ఒకేలా ఉంటుంది. నీలం, ముదురు ఆకుపచ్చ కూడా అంతే, బిడ్డ పెదవుల రంగును తప్పుగా చూపిస్తాయి. నవజాత శిశువులున్న ప్రతి గదిలో గోడలు తెలుపు, బూడిద, లేత మట్టి రంగుల్లోనే ఉండాలి, దీపాలు చర్మం రంగును ఉన్నదున్నట్టు చూపించేవి కావాలి. ‘పిల్లల వార్డు కదా’ అని గోడలకు పసుపు, గులాబీ పూయించడం ఎక్కువగా జరిగే పొరపాటు.

థియేటర్ ముందు వేచి ఉండే గది, దాని దారి, ఇక్కడ కళకు పెద్ద పని ఉంది. ఫిన్లాండ్‌లో అల్వార్ ఆల్టో 1933లో పూర్తిచేసిన పైమియో క్షయ ఆస్పత్రిలో రోగుల గది పైకప్పుకు కంటికి నొప్పి లేని ఆకుపచ్చ రంగు వేయించాడు, దీపాన్ని పడుకున్నవాళ్ల కళ్లలో పడకుండా అమర్చాడు. రోగి చూసేది పైకప్పునే అని ఆయన లెక్క. మన ఆస్పత్రుల్లో ఫాల్స్ సీలింగ్ ఉన్నచోట రెండడుగుల పలకలు తీసి పెట్టవచ్చు. ప్రతి నాలుగో పలక మీద గుల్‌మొహర్ కొమ్మల్లోంచి ఆకాశం, రాతిగుట్టల మీద మబ్బు, తంగేడు పూత అచ్చువేసి బిగించడానికి ఒక రాత్రి చాలు. తల వైపు నుంచి కదులుతూ చూసేవాళ్లకు బొమ్మ నిటారుగా ఉందా లేదా అని స్ట్రెచర్ మీద పడుకుని చూసి మరీ బిగించాలి. తలకిందులైన చెట్టు కళ్లు తిప్పుతుంది. థియేటర్ లోపల మాత్రం అతుకులు లేని పైకప్పే ఉండాలి, పలకలు కుదరవు. లోపల పనికొచ్చేది పాట. వెన్నుకు మత్తు ఇచ్చాక తల్లికి తెలివి ఉంటుంది, ఛాతీ దగ్గర అడ్డంగా కట్టిన గుడ్డ తప్ప ఏమీ కనబడదు. ఆమె అడిగిన పాట తల దగ్గర చిన్న స్పీకర్‌లో పెడితే చాలు. మత్తు డాక్టర్ మామూలు గొంతుతో మాట్లాడింది ఆమెకు వినిపించాలి, మానిటర్ శబ్దం మునగకూడదు. ఎవరికి ఏ పాట కావాలో అడగకుండా వార్డంతటికీ మైకులో భక్తిగీతాలు పెట్టడం వల్ల ఉపశమనం రాదు. ఆపుకునే వీలు లేని పాట చప్పుడుతో సమానం.

బాలింతల వార్డులో ఒక్కో మంచానికి ఎదురుగా, పడుకున్న కంటికి అందే ఎత్తులో ఒక చిన్న బొమ్మ పెద్ద మ్యూరల్‌కంటే మేలు. నిలబడి చూస్తే కాస్త పైకి అనిపిస్తుంది, అది సరైన ఎత్తే. వస్తువు ఎంపికలో ఒక ఒడంబడిక పెట్టుకోవాలి. పేట్లబురుజు వార్డులో పక్కపక్క మంచాల మీద వేర్వేరు మతాల తల్లులు ఉంటారు. దేవుళ్లు, ప్రార్థనా మందిరాలు, పార్టీ రంగులు, నాయకుల ముఖాలు వద్దు. చెరువు, రాళ్లగుట్ట, సీతాఫలం చెట్టు, పాలపిట్ట, పోచంపల్లి చీర అంచు, ముగ్గుల చుక్కలు, ఇవి అందరివీ. ఏమిటో తెలియని నైరూప్య చిత్రాలు నొప్పితో, మందుల మగతతో ఉన్నవాళ్లను కలవరపెడతాయని ఉల్రిచ్ తర్వాతి పనిలోనూ తేలింది. ప్రదర్శనశాలలో మెచ్చుకునే చిత్రాన్ని ఇక్కడ వేలాడదీయకపోవడమే కళ మీద గౌరవం.

ఇంకొకటి, చాలామంది ఆలోచించనిది. ప్రసూతి వార్డు గోడ అనగానే బోసినవ్వుల బిడ్డ పోస్టరు అంటిస్తారు. అదే వార్డులో చనిపోయిన బిడ్డను కన్న తల్లి కూడా పడుకుని ఉంటుంది. ఆమెకు పాలు చేపుతూనే ఉంటాయి, పక్క మంచం మీద బిడ్డ ఏడుస్తూనే ఉంటుంది, ఎదుట గోడ మీద పోస్టరు నవ్వుతూనే ఉంటుంది. పిల్లల ఫొటోలు లేని ఒక గది, లేదంటే వార్డు చివర తెర కట్టిన రెండు మంచాలు, కిటికీకి ఎదురుగా, ఆమె కోసం వదిలిపెట్టడానికి ఖర్చేమీ లేదు. ఆ తెర మీద ఒక ఆకు గుర్తు పెడితే లోపలికి వచ్చే సిస్టర్, ఆయా ‘బాబా, పాపా?’ అని అడగకుండా జాగ్రత్తపడతారు.

నెలలు నిండని బిడ్డల వార్డు ముందు తల్లులు వారాల తరబడి ఉంటారు. కంగారూ పద్ధతిలో బిడ్డను ఛాతీకి హత్తుకుని రోజుకు కనీసం ఎనిమిది గంటలు కూర్చోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎనిమిది గంటలు ఒకే గోడను చూస్తుంది ఆ తల్లి. వెనక్కి వాలిన కుర్చీలోంచి ఆమె చూపు ఆగే చోట ఏదైనా ఉండాలి, నెలకోసారి మార్చగలిగేదైతే ఇంకా మంచిది. నీలోఫర్‌లో ధాత్రి తల్లిపాల బ్యాంకు లాంటివి నడిచేచోట పాలు పిండే గది కూడా అంతే ముఖ్యం. అక్కడ తెర, మెత్తని వెలుతురు, చెవి దగ్గర మాత్రమే వినిపించే పాట ఉంటే పాలు చేపడం తేలికవుతుంది.

పాట పెట్టడం కంటే పాడించడం

గుంపుగా పాడించడానికి ఇక్కడ పరాయి పద్ధతి తెచ్చుకోనక్కర్లేదు. జోలపాట తెలియని ఇల్లు లేదు. తెలుగు లాలిపాటలు, పాతబస్తీ దక్నీ లోరీలు, ఢోలక్ గీతాలు, తండాల నుంచి వచ్చిన తల్లుల గోర్‌బోలి పాటలు ఒకే వార్డులో ఉంటాయి. ఎనిమిది నుంచి పన్నెండు మంది, నలభై నిమిషాలు, మధ్యాహ్నం పాలు పట్టాక, విజిటర్లు రాకముందు. కోత అయినవాళ్లు దిండు పొట్టకు ఆనించుకుని కూర్చోవాలి. గట్టిగా ఊపిరి తీసినా దగ్గినా కుట్లు లాగుతాయి, దిండు ఆసరా ఉంటే లాగవు. నడిపించే గాయని మొదట తను పాడకుండా ‘మీ అమ్మ మీకేం పాడేదమ్మా’ అని అడగాలి. పాట రానివాళ్లు ఊకొట్టినా చాలు. ఎవరూ ఫోన్‌లో వీడియో తీయకూడదు, ఈ నియమం తప్పితే రెండో వారానికి ఎవరూ రారు. పసిపిల్లల ఐసీయూలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు కాబట్టి అక్కడ డోలు, చప్పట్లు వద్దు, తల్లి తన బిడ్డ చెవిలో పాడుకోవడమే. గాయనికి ప్రతిసారీ పారితోషికం ఇవ్వాలి. ఉచితంగా వచ్చేవాళ్లు ప్రారంభోత్సవానికి వస్తారు, మూడో నెలలో రారు, అప్పటికి అలవాటుపడ్డ తల్లులు ఎదురుచూస్తారు.

రంగుల పని గురించి నాలుగు మాటలు. గోడకు చెమ్మ ఉందేమో ముందు చూడాలి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం నాలుగు పక్కలా టేపు వేసి ఒక రోజు వదిలేస్తే, వెనక నీటిబొట్లు కనిపిస్తే ఆ గోడ మీద రంగు ఒక్క వానాకాలం కూడా నిలవదు. ముందు పైపు, స్లాబు బాగుచేయించాలి. కొత్త సిమెంటు పూత అయితే 28 రోజులు ఆగాలి. ఎనామిల్, టర్పెంటైన్ వాసన గర్భిణులకు, పసిబిడ్డలకు పడదు. వాసన లేని నీటి ఆధారిత యాక్రిలిక్ ఎమల్షన్ వాడాలి, లీటరు రంగు రెండు పూతలకు సుమారు 60 చదరపు అడుగులు వస్తుంది. వార్డును సగం ఖాళీచేసి, కిటికీలు తెరిచి, రంగు వేశాక కనీసం మూడు రోజులు గాలి ఆడనివ్వాలి. ఆస్పత్రి గోడను బ్లీచింగ్ ద్రావణంతో తుడుస్తారు కాబట్టి చిన్న ముక్క మీద వేసి ముప్పైసార్లు తుడిచి, రంగు గుడ్డకు అంటకపోతేనే గోడ మొత్తం మొదలుపెట్టాలి. అద్దాల ఫ్రేములు వద్దు, పైన దుమ్ము పేరుకుంటుంది, పగిలితే గాయం. ఆక్సిజన్ పాయింట్ల దగ్గర వినైల్ అంటించకూడదు, త్వరగా అంటుకుంటుంది. 2016లో ఎం.ఎస్. మక్తా బస్తీ గోడల మీద వేసిన బొమ్మలు ఈ నగరంలో గోడలకు ఎంత ప్రాణం పోయవచ్చో చూపించాయి. వీధి గోడకు లేని నియమాలు వార్డు గోడకు ఉన్నాయి, అంతే.

చివరికి ఫలితం కొలవాలి. బొమ్మల వల్ల తల్లుల మరణాలు తగ్గాయని ఎవరైనా చెబితే నమ్మకూడదు, అది ఆక్సిటోసిన్, రక్తం, సకాలంలో చేసిన ఆపరేషన్ చేసే పని. బొమ్మ, పాట చేసేదాన్ని వేరే కొలతతో చూడాలి. ఒకే రకం వార్డులు రెండు తీసుకుని, ఒకదాంట్లో మార్పులు చేసి, మూడు నెలలు రెండింటిలోనూ ఒకే నాలుగు సంగతులు రాయాలి. థియేటర్‌కు వెళ్లేముందు భయం పదికి ఎంత, మూడో రోజుకు బిడ్డకు తల్లిపాలు మాత్రమే అందుతున్నాయా, ఆరో వారంలో ఎడిన్‌బరా మార్కులు ఎన్ని, ఆరు వారాల చెకప్‌కు తిరిగి వచ్చింది ఎంతమంది. చివరి అంకె సంపాదించడమే కష్టం. తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల కాన్పయ్యాక కొన్నాళ్లకు అత్తవారింటికి వెళ్లిపోతుంది, ఫోన్ నంబరు భర్తదో తండ్రిదో ఉంటుంది. అందుకని డిశ్చార్జి రోజునే రెండిళ్ల నంబర్లూ, రెండూళ్ల ఆశా కార్యకర్తల పేర్లూ కేస్ షీట్ మీద రాసుకోవాలి. బొమ్మలు వేయించే బడ్జెట్‌లోనే ఆ ఫోన్లు చేసే మనిషి జీతానికి కూడా చోటుండాలి.